కోల్డ్ స్టోరేజీలో రియల్‌టైమ్ అలర్ట్‌లు: మెసేజ్‌లు వస్తున్నాయి, పని మాత్రం కదలట్లేదు

కోల్డ్‌స్టోరేజీ_వరంగల్

అందరికీ నమస్కారం. ఏనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీకి మేనేజర్‌ని. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి లోపలికి వస్తుంది, తర్వాత ధర చూసుకుని కొద్దికొద్దిగా బయటికి పోతుంది. ఎక్కువగా తేజ, కొంత వండర్ హాట్, కొంత చపాటా.

ఈసారి సీజన్‌కు ముందే చాంబర్లలో సెన్సార్లు పెట్టించాం. టెంపరేచర్, తలుపు, కరెంటు, మూడూ నెట్‌లో కనిపిస్తాయి. గేట్ పాస్‌లు, లారీ లోడింగ్, కిరాయి బాకీలు గూగుల్ షీట్‌లో రాస్తున్నాం. వీటన్నిటి మెసేజ్‌లూ ఒకే గ్రూపులో పడేలా చేయించాం. ఓనర్, నేను, ఇద్దరు ఆపరేటర్లు, గుమాస్తా, వాచ్‌మన్ అందరం అందులోనే ఉన్నాం.

లోడింగ్ ఉన్న రోజు తలుపు తీసినప్పుడల్లా టెంపరేచర్ మెసేజ్ వస్తుంది. మధ్యాహ్నానికల్లా గ్రూపు నిండిపోతోంది. మొన్న ఒక రాత్రి ఒక ఫేజ్ పోయి కంప్రెసర్ ఆగింది. ఆ మెసేజ్ కూడా టైమ్‌కే వచ్చింది, కానీ దానికి పైన, కింద అన్నీ తలుపు మెసేజ్‌లే. ఆపరేటర్ రౌండ్‌కు వెళ్తే గానీ తెలియలేదు. సరుకుకు ఏమీ కాలేదు.

లోపల ఉన్నది రైతుల కష్టం. అందుకే టెన్షన్‌గా ఉంది. ఏ అలర్ట్ ఎవరికి పోవాలి, అది వచ్చాక పని దానంతట అది ఎలా ముందుకు కదలాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి. పెద్ద సాఫ్ట్‌వేర్ కొనే బడ్జెట్ లేదు.

మడికొండ_కోడర్

అన్నా, ఇప్పుడు వస్తున్న మెసేజ్‌ల రకాలన్నీ ముందు ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కన, అది వస్తే ఎవరు కదలాలి, ఏం చేయాలి, ఎంతసేపట్లో చేయాలి అని రాయండి. ఇందులో ఏ ఒక్కటి రాయలేకపోయినా అది అలర్ట్ కాదు, రిపోర్ట్. అలాంటివన్నీ పొద్దున ఎనిమిదికి వచ్చే ఒకే మెసేజ్‌లో కలిపేయండి. కిరాణా కొట్టులో సౌండ్‌బాక్స్ చూడండి. డబ్బులు పడ్డాయని మోగగానే కొట్టాయన సరుకు చేతికిస్తాడు. ఎవరు వినాలో, విని ఏం చేయాలో ముందే తెలుసు. అందుకే అది పనిచేస్తోంది.

గ్రూపుకు అలర్ట్ పంపడం మానేయండి. మనిషి పేరు మీద పంపండి. రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌కు పోవాలి, కింద ‘చూశాను, వెళ్తున్నాను’ అనే బటన్ ఉండాలి. పది నిమిషాల్లో నొక్కకపోతే మీకు రావాలి. మీరూ నొక్కకపోతే మెసేజ్‌తో ఆగకుండా ఫోన్ మోగాలి. టెలిగ్రామ్ బాట్‌లో, అంటే మనిషి బదులు ప్రోగ్రాం నడిపే ఖాతాలో, ఈ బటన్‌కు ఖర్చేమీ లేదు. టెలిగ్రామ్ వాళ్లదే అయిన బాట్‌ఫాదర్ అనే ఖాతాకు మెసేజ్ పెడితే కొత్త బాట్ తయారవుతుంది. కాకపోతే బాట్ తనంతట తాను ఎవరికీ మొదటి మెసేజ్ పంపే వీలు లేదు. ప్రతి ఆపరేటరూ తన ఫోన్‌లో ఒకసారి ‘స్టార్ట్’ నొక్కి ఉండాలి. కొత్త మనిషి డ్యూటీలో చేరిన రోజే నొక్కించండి, లేకపోతే ఆ రాత్రి అలర్ట్ ఎక్కడికీ పోదు.

తలుపు గోలకు మందు ఉంది. హద్దు దాటగానే కాకుండా, దాటి 20 నిమిషాలు అలాగే ఉంటేనే అలర్ట్ వచ్చేలా రాయించండి. ‘తగ్గింది’ అని చెప్పే హద్దును ఒక డిగ్రీ కిందికి పెట్టండి. మీ హద్దు 8 డిగ్రీలు అనుకుందాం. 8 దాటితే మొదలవ్వాలి, 7కు దిగితేనే ముగియాలి. రెండూ 8 దగ్గరే పెడితే రీడింగ్ 7.9కీ 8.1కీ మధ్య ఊగుతుంది, రాత్రంతా వచ్చింది, పోయింది అని మెసేజ్‌లు పడుతూనే ఉంటాయి.

హన్మకొండ_ఫార్మా

మాది మందుల డిస్ట్రిబ్యూషన్. వ్యాక్సిన్లు, ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మాకు పై హద్దు కంటే కింది హద్దే ఎక్కువ భయం. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా వాడకూడదు, పైకి చూస్తే తేడా కనిపించకపోవచ్చు. అందుకే 2 కిందికి పోతుంటే మేం 20 నిమిషాలు ఆగం, వెంటనే ఫోన్ మోగుతుంది. ఎంతసేపు ఆగొచ్చో సరుకును బట్టి చూసుకోండి తమ్ముడూ, అన్నిటికీ ఒకటే లెక్క పెట్టకండి.

ఇంకో మాట. మేం సెన్సార్‌ను గాలిలో వదిలేయం, గ్లిజరిన్ పోసిన చిన్న సీసాలో ముంచి పెడతాం. తలుపు తీస్తే గాలి క్షణాల్లో వేడెక్కుతుంది, సరుకు వేడెక్కదు. సీసాలో ఉన్న సెన్సార్ సరుకు సంగతి చెబుతుంది. మీ సెన్సార్లు ఎక్కడ ఉన్నాయో ఒకసారి చూడండి. తలుపు పక్కన గానీ, ఫ్యాన్ గాలి నేరుగా తగిలే చోట గానీ ఉంటే వచ్చే లెక్క ఆ మూలది మాత్రమే.

కోల్డ్‌స్టోరేజీ_వరంగల్

అక్కా, రెండు సెన్సార్లు తలుపు పక్కనే ఉన్నాయి. వైరు దగ్గరవుతుందని పెట్టినతను అక్కడ బిగించాడు. బస్తాల వరుసల మధ్యకు మార్పిస్తాను.

కాజీపేట_ఎలక్ట్రికల్

మేనేజర్ గారూ, మీ ప్లాంట్ చల్లబరిచేది అమ్మోనియా గ్యాస్‌తోనా? అయితే ఇది మొదట చదవండి. అమ్మోనియా లీక్ సెన్సార్‌ను ఈ నెట్ అలర్ట్‌ల మీద వదిలేయకండి. అది నేరుగా వైరుతో సైరన్‌కు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు కలిసి ఉండాలి. నెట్ లేకపోయినా, ఫోన్ చార్జింగ్ అయిపోయినా, ఎవరూ బటన్ నొక్కకపోయినా అది మోగి తీరాలి. ఫోన్‌కు మెసేజ్ పంపడం దానికి అదనం, అంతే. లోపల హమాలీలు ఉంటారు, వాళ్ల ప్రాణాలు టెలిగ్రామ్ చేతిలో పెట్టకూడదు. ఫేజ్ పోయినప్పుడు మోటార్‌ను ఆపడం కూడా అలర్ట్ పని కాదు, ఫేజ్ ప్రివెంటర్ పని.

ఇక మీ నెట్ సంగతి. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగుతుంది. అంటే కరెంటు పోయిందని చెప్పాల్సిన మెసేజ్ సరిగ్గా ఆ సమయానికే బయటికి పోదు. రౌటర్‌కు, సెన్సార్ బోర్డుకు కలిపి చిన్న యూపీఎస్ పెట్టండి. నెట్ లైన్ తెగితే అక్కరకొచ్చేలా సిమ్ వేసే మాడ్యూల్ ఒకటి ఉంచండి. షాపులో చవకగా దొరికేవి 2జీ మాడ్యూల్స్, వాటిలో జియో సిమ్ పనిచేయదు, జియోకు 2జీ లేదు. వేరే కంపెనీ సిమ్ వేయండి, లేకపోతే 4జీ మాడ్యూల్ తీసుకోండి. సిమ్ రీచార్జ్ గడువు కూడా అలర్ట్‌లలో చేర్చండి.

కోల్డ్‌స్టోరేజీ_వరంగల్

అమ్మోనియానే సర్. సైరన్ వేరే వైరింగ్‌లో ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు మాత్రం కలిపి లేదు, చేత్తో వేయాలి. అది రేపే మాట్లాడతాను.

మడికొండ_కోడర్

కాజీపేట అన్న చెప్పిన దానికి ఇంకొకటి కలుపుతాను. మెసేజ్ రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. సెన్సార్ చచ్చిపోయినా మెసేజ్ రాదు. ప్రతి 5 నిమిషాలకు ఒక రీడింగ్ రావాలి. 15 నిమిషాలు ఏదీ రాకపోతే అదే ఒక అలర్ట్ కావాలి. దీన్ని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం మీ స్టోరేజీ కంప్యూటర్‌లో ఉండకూడదు, బయట ఎక్కడైనా ఉండాలి. మీరు ఎలాగూ గూగుల్ షీట్ వాడుతున్నారు కాబట్టి యాప్స్ స్క్రిప్ట్ (షీట్‌కు ప్రోగ్రాం రాసుకునేందుకు గూగుల్ ఇచ్చేది) సరిపోతుంది, ఉచితం.

యాప్స్ స్క్రిప్ట్‌లో చాలామంది ఇరుక్కునే చోట్లు రెండున్నాయి. ప్రోగ్రాంను దానంతట అదే మొదలుపెట్టించేది ట్రిగ్గర్. ‘ఆన్ ఎడిట్’ ట్రిగ్గర్ మనిషి చేత్తో గడిలో రాసినప్పుడే పనిచేస్తుంది. సెన్సార్ నుంచి గానీ వేరే ప్రోగ్రాం నుంచి గానీ డేటా వచ్చి పడితే అది కదలదు. కాబట్టి టైమ్ ట్రిగ్గర్ పెట్టాలి. దాన్ని నిమిషానికోసారి పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. మామూలు జీమెయిల్ ఖాతాకు ట్రిగ్గర్లన్నీ కలిపి రోజుకు 90 నిమిషాలే నడుస్తాయి. నిమిషానికోసారి అంటే రోజుకు 1440 సార్లు. ఒక్కోసారి 4 సెకన్లు పట్టినా 96 నిమిషాలవుతుంది. రాత్రి ఏ పదకొండుకో గడువు దాటి ఆగిపోతుంది, ఆగినట్టు మీకు వెంటనే తెలియదు కూడా. 5 నిమిషాలకోసారి పెడితే 288 సార్లే. చాంబర్ అంత పెద్ద గది 5 నిమిషాల్లో వేడెక్కిపోదు.

జమ్మికుంట_జిన్నింగ్

మా పత్తి మిల్లులో కాంటాతో మొదలుపెట్టాం. వేబ్రిడ్జి ఇండికేటర్ వెనక ఆర్ఎస్232 పోర్ట్ ఉంటుంది. అక్కడి నుంచి కేబుల్‌తో బరువు నేరుగా కంప్యూటర్‌లోకి వస్తుంది, గుమాస్తా చేత్తో టైపు చేయడు. నిండు బండి తూకం అయ్యాక మూడు గంటలు దాటినా ఖాళీ బండి తూకం పడకపోతే యార్డ్ సూపర్‌వైజర్‌కు బండి నంబర్‌తో సహా మెసేజ్ పోతుంది. ఆయన వెళ్లి చూస్తే బండి దిగుమతి దగ్గర ఇరుక్కుని ఉంటుంది, లేదా రైతు టిఫిన్‌కు పోయి ఉంటాడు. ఈ ఒక్క అలర్ట్ వల్ల సాయంత్రం క్యూ బాగా తగ్గింది.

నెట్ పోయి వచ్చినప్పుడు ఒకే స్లిప్ రెండుసార్లు పోయేది. స్లిప్ నంబర్ ముందే షీట్‌లో ఉంటే రెండోదాన్ని వదిలేసేలా రాయించాం. మీ గేట్ పాస్‌లకు కూడా ఈ జాగ్రత్త పెట్టుకోండి, లేకపోతే 20 బస్తాలు పోతే స్టాక్‌లో 40 తగ్గుతాయి.

తేమ సంగతి వేరు. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాకా కోత పెట్టి కొంటుంది, 12 దాటితే కొనదు. మీటర్‌లో 12 దాటితే మేం ముందు చెప్పేది రైతుకే, అదీ బండిలోంచి పత్తి దించకముందు. దించాక చెబితే మళ్లీ ఎత్తే కూలీ ఆయన నెత్తిన పడుతుంది. ముందే తెలిస్తే కవర్ పరిచి ఆరబెట్టుకుంటాడు.

కరీంనగర్_అకౌంట్స్

మీ స్టోరేజీ నుంచి సరుకు తీసుకెళ్లే వ్యాపారులకు పనికొచ్చేది ఒకటి. ఈ-వే బిల్లు (జీఎస్‌టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) గడువు. మామూలు లారీకి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. 450 కిలోమీటర్ల దూరమైతే 3 రోజులు. గడువు ఏ గంటకు బిల్లు చేశామో ఆ గంటకు ముగియదు, అర్ధరాత్రికి ముగుస్తుంది. పొడిగించాలంటే గడువుకు 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత దాకానే వీలుంటుంది. అంటే సాయంత్రం 4 నుంచి మర్నాడు పొద్దున 8 దాకా.

కాబట్టి అలర్ట్ పొద్దున పంపితే లాభం లేదు, పోర్టల్ తీసుకోదు. మా దగ్గర 4:15కి పోతుంది, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు: ‘బండి చేరిందా? చేరకపోతే ఇప్పుడే పొడిగించండి’ అని. జవాబు రాకపోతే 7కు మా గుమాస్తా ఫోన్ చేస్తాడు. గడువు దాటిన బిల్లుతో బండి దొరికితే పన్నుకు రెండింతల దాకా జరిమానా కట్టాల్సి రావచ్చు. అలర్ట్ ఎప్పుడు పంపాలన్నది తప్పు జరిగే గంటను బట్టి కాదు, సరిచేసే వీలున్న గంటను బట్టి పెట్టుకోవాలి.

నర్సంపేట_మిర్చి_రైతు

నాకు సాఫ్ట్‌వేర్ తెలియదు కానీ ఇక్కడ మాట్లాడేది మా సరుకు గురించి కాబట్టి రాస్తున్న. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన బస్తాల గురించి మాకు తెలిసేది మేం వచ్చి అడిగినప్పుడే. వేరే చోట, పేరెందుకులే, మా ఊరి రైతు బస్తాలు ఆయనకు తెలియకుండానే బయటికి పోయినయ్. అడిగితే కాగితం చూపించిన్రు, సంతకం ఆయనది కాదు. మాకు డిగ్రీలు అక్కర్లేదు, మా బస్తా కదిలితే మాకు తెలియాలి. ఎస్సెమ్మెస్ అయితే మంచిది, మా నాయిన దగ్గర బటన్ ఫోనే ఉంది. తెలుగులో రావాలి.

ఏనుమాముల ధర కూడా రోజూ ఫోన్‌కు వచ్చేలా అవుతుందా?

మడికొండ_కోడర్

అన్నా, ధర సంగతి ముందు చెప్తాను. దేశంలోని మార్కెట్ల రోజువారీ ధరలు కేంద్ర ప్రభుత్వ డేటా పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రోగ్రాంతో తీసుకోవచ్చు. కానీ అవి రోజుకోసారి ఎక్కించే కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు. ఆ నిమిషంలో యార్డ్‌లో పాడుతున్న ధర కాదు. సాయంత్రం మెసేజ్‌గా పంపితే పనికొస్తుంది, కానీ దాన్ని రియల్‌టైమ్ అని చెప్పి పంపితే దాన్ని నమ్ముకుని ఎవరో బండి కడతారు. అది చేయకూడదు.

బస్తాల మెసేజ్ మాత్రం కచ్చితంగా చేయాలి. మన దేశంలో వ్యాపార ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో పేరు, మెసేజ్ నమూనా రెండూ రిజిస్టర్ చేసుకోవాలి. ఆమోదం పొందిన నమూనా మార్చి పంపితే పోదు. తెలుగులో అయితే ఒక ఎస్సెమ్మెస్‌కు 70 గుర్తులే, ఇంగ్లిష్‌లో అయితే 160. పైగా గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘క్షే’ మనకు ఒక అక్షరం, ఫోన్‌కు నాలుగు. 70 దాటితే రెండు మెసేజ్‌ల డబ్బు పడుతుంది. కాబట్టి ముందే కుదించి రాసుకోండి.

కోల్డ్‌స్టోరేజీ_వరంగల్

ఇలా రాశాను: ‘లాట్ 214: 20 బస్తాలు బయటికి. మిగిలినవి 65. సందేహమైతే ఫోన్ చేయండి.’ 65 గుర్తులు వచ్చాయి. గేట్ పాస్ ప్రింట్ అవగానే పోతుంది. సరిపోతుందా?

నర్సంపేట_మిర్చి_రైతు

సరిపోదు సర్. పోయినంక చెప్తే మేమేం చేస్తం? లారీ అప్పటికే హైవే ఎక్కుతది. పోకముందే చెప్పాలి. జమ్మికుంట అన్న పత్తి దించకముందు చెప్పినట్టే.

గ్రెయిన్‌మార్కెట్_అడ్తి

రైతన్న మాట న్యాయమే, కాదనను. కానీ మా వైపు కూడా వినండి. లారీ వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది, హమాలీ ముఠా రెడీగా ఉంటుంది. అప్పుడు రైతుకు ఫోన్ చేసి, ఆయన ఎత్తక, రెండు గంటలు ఆగితే వెయిటింగ్ చార్జీ ఎవరు కట్టాలి? చాలామంది రైతులు మధ్యాహ్నం చేను దగ్గర ఉంటారు, ఫోన్ ఇంట్లో ఉంటుంది. ఇలా అయితే వ్యాపారులు ఆ స్టోరేజీలో సరుకు కొనడమే తగ్గిస్తారు.

మడికొండ_కోడర్

అడ్తి గారు చెప్పింది నిజమైన ఇబ్బందే. దానికి ఉపాయం లారీ దగ్గర లేదు, ఒక అడుగు వెనక్కి పోవాలి. సరుకు అమ్ముడైన రోజే మీ దగ్గర పేరు, లాట్, బస్తాలు తెలుస్తాయి కదా. అది షీట్‌లో రాయగానే రైతుకు ఎస్సెమ్మెస్ పోవాలి, లారీ వచ్చేదాకా ఆగకూడదు. గుమాస్తా ఆ సాయంత్రం ఏడు తర్వాత, రైతు ఇంటికి చేరాక, రిజిస్టర్‌లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేయాలి. వ్యాపారి ఇచ్చిన నంబర్‌కు కాదు. రైతు సరే అంటే ఆ లాట్ వరుసలో ‘రైతు సరే’ అని పెడతాడు. ఆ గడి నిండనిదే గేట్ పాస్ ప్రింట్ కాకూడదు, ప్రోగ్రాంలోనే తాళం వేయాలి. మర్నాడు పొద్దున లారీ వచ్చేసరికి కాగితం రెడీగా ఉంటుంది, ఎవరూ ఆగరు.

గ్రెయిన్‌మార్కెట్_అడ్తి

ముందు రోజు సాయంత్రం అయితే మాకు అభ్యంతరం లేదు. ఏ లాట్‌లకు ‘సరే’ వచ్చిందో రాత్రి 9కి మాకు కూడా ఒక మెసేజ్ పంపితే, లారీలు దాన్ని బట్టే పిలుచుకుంటాం. ఉత్తగా బండి తెప్పించే ఖర్చు మిగులుతుంది.

హన్మకొండ_ఫార్మా

‘రైతు సరే’ ఎవరు పెట్టారో, ఎన్ని గంటలకు పెట్టారో కూడా దానంతట అదే రికార్డ్ అయ్యేలా చూడండి. ఆ గడి మార్చే హక్కు ఒకరిద్దరికే ఉండాలి. లేకపోతే లారీ తొందరలో ఎవరో ఒకరు నింపేస్తారు.

పరకాల_మొబైల్స్

ఇంత కష్టమెందుకు, క్యూఆర్ స్కాన్ చేస్తే మామూలు వాట్సాప్ నుంచే ఆటోమేటిక్‌గా మెసేజ్‌లు పోయే ప్రోగ్రాంలు ఉచితంగా ఉన్నాయి కదా?

మడికొండ_కోడర్

ఉన్నాయి, వాడకండి. అవి వాట్సాప్ అనుమతి లేనివి, నంబర్ బ్లాక్ అవ్వొచ్చు. రైతులందరి దగ్గర ఉన్న స్టోరేజీ నంబర్ ఒక రోజు పొద్దున పనిచేయకపోతే ఏం చేస్తారు? వాట్సాప్‌లోనే పంపాలంటే అధికారిక బిజినెస్ ఏపీఐ (ప్రోగ్రాం నుంచి మెసేజ్‌లు పంపే దారి) ఉంది. మనంతట మనం పంపే మెసేజ్‌కు నమూనా ఆమోదం కావాలి, డబ్బు పడుతుంది. అవతలి మనిషి మెసేజ్ పెట్టాక 24 గంటల దాకా నమూనా లేకుండా జవాబివ్వొచ్చు. బటన్ ఫోన్ ఉన్నవాళ్లకు ఎలాగూ ఎస్సెమ్మెస్సే దిక్కు.

కోల్డ్‌స్టోరేజీ_వరంగల్

ఓనర్‌తో కూర్చుని మాట్లాడాను. గ్రూపులోకి ఇక అలర్ట్‌లు పోవు, పొద్దున రిపోర్ట్ ఒక్కటే పోతుంది. కంప్రెసర్ ఆగడం, టెంపరేచర్ 20 నిమిషాలు హద్దు దాటి ఉండడం, రీడింగ్ రాకపోవడం, జనరేటర్ డీజిల్ తగ్గడం, ఈ నాలుగే ఆపరేటర్ పేరు మీద పోతాయి. నిన్న పగలు అందరి ముందే రౌటర్ ప్లగ్ పీకి చూశాం. పదహారో నిమిషానికి ఆపరేటర్ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ఆయన బటన్ నొక్కలేదు, చెప్పినట్టే పది నిమిషాలకు నా ఫోన్‌కు వచ్చింది. ఫోన్ మోగడం మాత్రం ఇంకా పెట్టాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను సైరన్‌తో కలిపే పని ఎలక్ట్రీషియన్ మొదలుపెట్టాడు.

రైతు మెసేజ్ మార్చాను: ‘లాట్ 214: 20 బస్తాలు తీయమని అడిగారు. మీరు కాకపోతే వెంటనే ఫోన్ చేయండి.’ 69 గుర్తులు. లాట్ నంబర్ నాలుగంకెలైతే సరిగ్గా 70.

కాజీపేట_ఎలక్ట్రికల్

బాగుంది. నెలకోసారి సెన్సార్‌ను కూడా చూసుకోండి. గ్లాసు నిండా ఐస్ ముక్కలు వేసి, ఖాళీల్లో నీళ్లు పోసి, బాగా కలిపి అందులో సెన్సార్ ముంచండి. కాసేపటికి 0 దగ్గర నిలవాలి. డీఎస్18బీ20 రకమైతే అర డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చు. రెండు డిగ్రీల తేడా చూపిస్తే పారేయండి, దాని మాట నమ్మి హద్దులు పెట్టుకోకండి.

నర్సంపేట_మిర్చి_రైతు

సర్, ఆ మెసేజ్ చూసి రాత్రి పదింటికి మేం ఫోన్ చేస్తే ఎత్తేదెవరు?

కోల్డ్‌స్టోరేజీ_వరంగల్

రాత్రి ఆ ఫోన్ ఆపరేటర్ దగ్గర ఉంటుంది. మీరు ‘నేను అడగలేదు’ అంటే ఆయన ఆ లాట్‌ను అక్కడికక్కడే ఆపేస్తాడు. తిరిగి తెరిచే వీలు నాకు, ఓనర్‌కు మాత్రమే ఉంటుంది, అది కూడా మీరు పట్టా పుస్తకం, స్టోరేజీ రసీదు తీసుకుని వచ్చి మాట్లాడాకే. మీ నాయిన గారి నంబర్ మారి ఉంటే, వచ్చేటప్పుడు కొత్తది రిజిస్టర్‌లో రాయించండి.